కాన్పు గదిలో తోడుండే మనిషి ఏరీ?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీల్లో '108లో ప్రసవం, తల్లీబిడ్డ క్షేమం' అన్న వార్త తరచుగా కనిపిస్తూ ఉంటుంది. కుందుర్పి వైపు నుంచో, కంబదూరు వైపు నుంచో కళ్యాణదుర్గం ఆసుపత్రికి వస్తున్న వాహనాన్ని రోడ్డు పక్కన ఆపి, అందులోని అత్యవసర వైద్య సిబ్బంది (ఈఎంటీ) పురుడు పోసిన వార్త అది. చదివిన ప్రతిసారీ నాకు సంతోషం కలుగుతుంది, దాని వెనకే ఒక బాధ కూడా కలుగుతుంది. ఆ తల్లి ఇంటి నుంచి బయలుదేరే ముందు ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, నొప్పులు ముదిరాయో, ఇంకా సమయం ఉందో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఆ ఊళ్లో లేదు. ఒకప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉండేది, ఇళ్లలో కాన్పులు చేసే మంత్రసాని. ఆమె గురించి, ఆమె వెళ్లిపోయాక ఖాళీగా మిగిలిన ఆ చోటు గురించి ఈ లేఖ రాస్తున్నాను.

నేను 1983 నుంచి 2020 దాకా 37 ఏళ్లు కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఏఎన్ఎంగా, అంటే ఊళ్లలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే నర్సుగా పనిచేశాను. పద్దెనిమిది నెలల శిక్షణ ముగించుకుని, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే ఫీటోస్కోపు, కాన్పయ్యాక రక్తస్రావం ఆపే మెథర్జిన్ సూదిమందు, ఒక స్టీలు ట్రే ఉన్న సంచితో మొదటి ఊరికి చేరినప్పుడు నా వయసు ఇరవై మూడు. ఊరివాళ్లు నన్ను నర్సమ్మా అని మర్యాదగానే పిలిచారు గానీ, కాన్పు వస్తే మాత్రం నా దగ్గరికి రాలేదు. మంత్రసాని దగ్గరికే వెళ్లారు. ఆమెను ఊరంతా అవ్వ అనేవారు. నేనూ అవ్వ అనే పిలిచాను. మొదట్లో ఆమె నాకు పోటీ అనుకున్నాను. ఆమె చేతులకు గోళ్లు ఉన్నాయా, సబ్బుతో కడుగుతుందా అని మాత్రమే చూసేదాన్ని. అలా చూడమనే మాకు చెప్పి పంపారు. అందులో తప్పేమీ లేదు, కానీ అంతకుమించి ఏమీ చూడమని ఎవరూ చెప్పలేదు.

1986 చలికాలంలో ఒక రాత్రి తొలిచూలు కాన్పుకు ఇద్దరం ఒకే ఇంట్లో కలిశాం. సాయంత్రం బస్సు తర్వాత ఆ ఊరికి మరో బండి లేదు. నేను పదిహేను నిమిషాలకొకసారి చేతి గడియారం చూసుకుంటూ, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున బిడ్డ వచ్చే దారి (గర్భసంచి ముఖద్వారం) తెరుచుకోవాలన్న పాఠాన్ని మనసులో లెక్కపెట్టుకుంటూ, ఎంతకీ ముందుకు సాగడం లేదని గాబరా పడుతున్నాను. అవ్వ నావైపు చూసి, 'దాన్ని తీసి సంచిలో పెట్టుకో నర్సమ్మా, గడియారం చూసి బిడ్డ బయటికొస్తాదా?' అంది. తర్వాత ఆ పిల్లను మంచం మీద నుంచి లేపి, నడుముకు గోరువెచ్చని ఆముదం రాసి, వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించింది. నడుమ నడుమ బెల్లం నీళ్లు తాగించింది. నొప్పి వచ్చినప్పుడల్లా పిల్ల అవ్వ మెడ చుట్టూ చేతులు వేసి వేలాడేది. అవ్వ ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆ బరువంతా మోసేది. చివరికి దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతు కూర్చున్న పిల్లకు, కోడి కూసే వేళకు ఆడబిడ్డ పుట్టింది. నేను అరగంటకొకసారి ఫీటోస్కోపుతో బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉన్నాను. ఒక్కసారి కూడా తగ్గలేదు.

బిడ్డ బయటికి రాగానే బొడ్డు కోయబోయాను. మాకు నేర్పింది అదే. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపి, నా వేళ్లను బొడ్డుతాడు మీద పెట్టింది. అది ఇంకా కొట్టుకుంటూ ఉంది. కొట్టుకోవడం ఆగేదాకా ఆ రక్తం బిడ్డదే అని చెప్పింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగిన తర్వాతే బిగించాలనీ, దానివల్ల బిడ్డకు ఇనుము నిల్వలు పెరిగి రక్తహీనత తగ్గుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన విషయాన్ని మాకు శిక్షణలో పాఠంగా చెప్పారు. గంటకు ఒక సెంటీమీటరు అన్న లెక్క చాలామంది తల్లుల విషయంలో సరిపోదనీ, అది అందుకోలేదన్న ఒక్క కారణంతో కాన్పును తొందరపెట్టకూడదనీ అదే సంస్థ 2018లో మార్గదర్శకాల్లో రాసింది. నొప్పుల్లో ఉన్న తల్లిని నడవనివ్వాలని, తనకు వీలైన భంగిమలో ఉండనివ్వాలని, ఇష్టమైన మనిషిని తోడుగా ఉండనివ్వాలని కూడా అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు ఆ వసారా కళ్ల ముందు కదిలింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అవ్వ చేసిందంతా మంచే అని నేను అనను. బొడ్డు కోసిన చోట బూడిద, పేడ అద్దిన చేతులు కూడా మంత్రసానులవే. ఆ కారణంగా పుట్టిన వారం లోపే ధనుర్వాతంతో పోయిన పసిబిడ్డలను నా కళ్లతో చూశాను. గర్భిణులకు టీటీ సూదులు వేసి, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, శుభ్రమైన చేతులు అంటూ ఊరూరా తిరిగి చెప్పి, చివరికి 2015లో ఆ జబ్బును దేశంలో నిర్మూలించినట్టు గుర్తింపు తెచ్చుకోవడంలో మావంటి ఏఎన్ఎంల కాళ్ల అరుగుదల ఉంది. మాయ పడకపోతే తల్లి జడనే ఆమె నోట్లో పెట్టి ఓకరింతలు తెప్పించేవాళ్లు. కొన్నిసార్లు పడేది, పడనప్పుడు చేతిలో ఇంకేమీ ఉండేది కాదు. బీపీ పెరిగి గర్భిణికి గుర్రపువాతం వచ్చి మూర్ఛపోతే దయ్యం పట్టిందనుకునేవాళ్లు.

1989లో నేను నెలవారీ సమావేశానికి వెళ్లిన రోజున మా ఊళ్లో ఐదో కాన్పు తల్లి ఒకామె రక్తస్రావంతో చనిపోయింది. బిడ్డ పుట్టింది, మాయ కూడా పడింది, రక్తం మాత్రం ఆగలేదు. ట్రాక్టరు మాట్లాడి, మంచంతో సహా ఎక్కించి, కళ్యాణదుర్గం దారిలో సగం దూరం పోకముందే ప్రాణం పోయింది. నేను తిరిగివచ్చేసరికి అవ్వ మా ఉపకేంద్రం గడప దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. 'నీ సంచిలో సూది ఉన్న్యాది, నా చేతిలో లేదు' అని ఒక్క మాట అంది. ఆ రోజు నుంచి నెలలు నిండిన తల్లులను ఆమే వెంటబెట్టుకుని నా దగ్గరికి తెచ్చేది. పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ అడ్డం తిరిగి ఉందని నాకంటే ముందు పసిగట్టి, 'ఇది మన చేత కాదు, పెద్దాసుపత్రికి పంపు' అని చెప్పింది కూడా ఆమే. ఆ చెయ్యి తప్పు చెప్పడం నేను ఎరగను.

అందుకే కాన్పులు ఆసుపత్రులకు తరలడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. 2005లో ఆసుపత్రిలో కాన్పయితే తల్లికి డబ్బు సాయం ఇచ్చే జననీ సురక్ష యోజన వచ్చింది, అదే ఏడాది ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 వాహనాలు మొదలయ్యాయి, ఊరూరా ఆశా కార్యకర్తలు వచ్చారు. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ ప్రసవాలకు 195 మంది తల్లులు చనిపోతుండగా, 2018-20 నాటికి మన రాష్ట్రంలో ఆ సంఖ్య 45కు తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఆ ట్రాక్టరును చూసినదాన్ని కాబట్టి ఈ అంకెల విలువ నాకు తెలుసు. మళ్లీ ఇళ్లలోనే కాన్పులు చేసుకుందామని ఈమధ్య కొందరు చెబుతున్న మాటలను, గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్న మన రాష్ట్రంలో, నేను ఏమాత్రం ఒప్పుకోను.

నా ఆవేదన వేరే. కాన్పును ఇంటి నుంచి ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు మనం అవ్వ చేతిలోని బ్లేడును, బూడిదను వదిలించుకోవాల్సింది. వాటితోపాటు ఆమె ఓపికను, ఆమె తోడును కూడా గడప బయటే వదిలేసి వెళ్లిపోయాం.

అదే సర్వేలో మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయని ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది దాదాపు 27 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. దేశం మొత్తం మీద సగటు 21.5 శాతమే. ఏ ప్రాంతంలోనైనా 10 నుంచి 15 శాతానికి మించి సిజేరియన్లు జరగడానికి కారణం కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. అంకె కోసం పట్టుబట్టకుండా అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడాలని 2015లో వివరణ కూడా ఇచ్చింది. ఆ వివరణ న్యాయమైనదే. ఆపరేషన్ అందక చనిపోయిన తల్లులను చూసిన నేను ఆపరేషన్‌ను నిందించలేను. కానీ అదే కుటుంబంలో తల్లి ఐదుగురిని మామూలుగా కని, ముగ్గురు కూతుళ్లకూ పెద్దాపరేషనే అయితే, ఒక్క తరంలో ఆడవాళ్ల ఒళ్లు అంతగా మారిపోయిందని నమ్మడం కష్టం.

నా తోబుట్టువు కూతురు ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో తొలి కాన్పుకు చేరింది. ఆ పిల్లను లోపలికి తీసుకువెళ్లి, సెలైన్ పెట్టి, టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టి తలుపు వేశారు. వాళ్లమ్మను లోపలికి రానివ్వలేదు. ఏఎన్ఎంనని చెప్పినా నన్నూ రానివ్వలేదు. నొప్పులు పెంచడానికి సెలైన్‌లో సూదిమందు కలిపారు. సాయంత్రం నాలుగింటికి చేరిన పిల్లకు రాత్రి పదిన్నరకు 'దారి తెరుచుకోవడం లేదు, బిడ్డ అలసిపోతుంది' అని చెప్పి కాగితం మీద సంతకం అడిగారు. ఆ మాట విన్నాక ఏ తల్లి సంతకం పెట్టదు? పెట్టింది. ఆపరేషన్ అవసరమే అయి ఉండవచ్చు. లోపల ఏం జరిగిందో చూడని నేను అది కాదని చెప్పలేను. కానీ ఆ పిల్ల తర్వాత నాతో చెప్పింది కత్తి గురించి కాదు. ఆరున్నర గంటల్లో తన పక్కన ఎవరూ పది నిమిషాలు కూర్చోలేదని, నీళ్లు అడిగితే ఇవ్వలేదని, గట్టిగా మూలిగితే ఆయా కసిరిందని, గోడ మీది గడియారం ముల్లు చూస్తూ భయంతో బిగుసుకుపోయానని చెప్పింది. భయంతో బిగుసుకుపోయిన తల్లికి నొప్పులు సాగవని అవ్వకు తెలుసు. కాన్పు ఆసాంతం ఒక మనిషి తోడుగా ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయని, నొప్పుల సమయం తగ్గుతుందని ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాలు కూడా తేల్చాయి.

పెద్దాపరేషన్ అయిన తల్లి మన ప్రాంతంలో ఎలా బతుకుతుందో కూడా ఆలోచించాలి. శెనక్కాయ పీకే కాలానికి ఆమె చేలో ఉండాలి, కొళాయి లేని ఇంటికి బిందెతో నీళ్లు మోయాలి. కోత మానక ముందే పనికి వంగిన ఆడవాళ్లకు నేను ఎంతమందికి కట్లు కట్టానో లెక్క లేదు. ఒకసారి కోత పడిన గర్భసంచికి తర్వాతి కాన్పులో చిరిగే ప్రమాదం ఉంటుంది, పాత కోత దగ్గరే మాయ లోతుగా అతుక్కుపోయి ప్రాణాంతకమైన రక్తస్రావం కావచ్చు. మొదటి కాన్పు గదిలో ఒక మనిషి ఓపికగా కూర్చోకపోవడానికి ఆ తల్లి రెండో కాన్పులోనూ, మూడో కాన్పులోనూ మూల్యం చెల్లిస్తుంది.

తప్పంతా డాక్టర్లదే అని రాస్తే అది న్యాయం కాదు. ముహూర్తం పెట్టించుకుని వచ్చి ఫలానా ఘడియకు బిడ్డను తీయమని అడిగే కుటుంబాలు మా ఊళ్లలోనూ ఉన్నాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా ఒకేసారి అయిపోతుందని అత్తగార్లు తొందరపెట్టడం నేను విన్నాను. రాత్రిపూట మత్తు డాక్టరు దొరకడేమోనన్న భయంతో పగలే కోత పెట్టేసే డాక్టరు స్థితిని కూడా నేను అర్థం చేసుకోగలను. ఒక స్టాఫ్ నర్సు నాలుగు టేబుళ్ల మధ్య పరుగెత్తుతూ, రిజిస్టర్లు రాస్తూ, ఏ ఒక్క తల్లి పక్కనైనా గంటసేపు కూర్చోగలదా? కూర్చోవడం అక్కడ ఎవరి ఉద్యోగమూ కాదు. లోపం అక్కడుంది.

అది ఎవరి ఉద్యోగం అయి ఉండాలో మన ప్రభుత్వాలే కాగితం మీద రాసిపెట్టాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో అనుభవం ఉన్న ఒక ఆడమనిషిని తోడుగా అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ఆదేశించింది. ఆమె శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, అంటువ్యాధులు ఉండకూడదు, వైద్యంలో జోక్యం చేసుకోకూడదు, అంతే. ఆసుపత్రుల్లో అడిగితే, ఒకే గదిలో పక్కపక్కన టేబుళ్లున్నాయి, తెరలు లేవు, ఇతర తల్లులకు ఇబ్బంది అంటారు. రెండు తెరలు కట్టడానికి ఇన్నేళ్లు చాలలేదా అని అడగాలనిపిస్తుంది. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చి, నర్సులకు పద్దెనిమిది నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి, మామూలు కాన్పులను వాళ్లే చూసుకునే విభాగాలు పెట్టాలంది. పొరుగున తెలంగాణ 2017లోనే ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. అయినా 2019-21 సర్వేలో అక్కడ సిజేరియన్లు 60.7 శాతం ఉన్నాయి. శిక్షణ పొందిన కొద్దిమందితో ఒక రాష్ట్రపు అలవాటు మారదనే నేను దీన్ని అర్థం చేసుకుంటున్నాను. వాళ్లకు వేరే పోస్టులు ఉండాలి, కాన్పు గదిలో వాళ్ల మాటకు విలువ ఉండాలి, వాళ్లను తీసుకెళ్లి వార్డు డ్యూటీల్లో వేయకూడదు.

మంత్రసానులను మనం ఎలా సాగనంపామో కూడా ఒక మాట చెప్పాలి. మా ప్రాంతంలో వాళ్లు ఎక్కువగా మంగలి ఇళ్ల నుంచి, దళిత ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. మాయను, మైలగుడ్డలను ముట్టే పని కాబట్టి ఆ పనిని వాళ్లకు వదిలేశారు. రాత్రంతా బాలింత గదిలో ఉండి బిడ్డను చేతుల్లోకి తీసుకున్న అవ్వకు పొద్దున చాటెడు జొన్నలు, పాత చీర, వక్కాకు వాకిట్లోనే ఇచ్చి పంపడం చూశాను. పదకొండో రోజు పురుడు తీరాక ఆ గడప మళ్లీ ఆమెకు లేదు. ప్రభుత్వం మంత్రసానులకు 'దాయి శిక్షణ' పెట్టి, సబ్బు, బ్లేడు, దారం ఉన్న పొట్లాలు ఇచ్చింది. ఆ తరగతులు నేను కూడా చెప్పాను. వాళ్లకు నేర్పవలసినది పుస్తకంలో వరుసగా రాసి ఉండేది. వాళ్లకు తెలిసినది రాసుకోవడానికి మాత్రం ఆ పుస్తకంలో ఒక్క ఖాళీ పేజీ కూడా లేదు. తర్వాత ఆ శిక్షణలూ ఆగిపోయాయి, పొట్లాలూ ఆగిపోయాయి. కాన్పుకు వెళ్లొద్దని చెప్పడం తప్ప, మీరు ఇక ఏం తిని బతుకుతారని అడిగినవాళ్లు లేరు.

కంబదూరు దాటితే వచ్చే పావగడ తాలూకా కర్ణాటకదే అయినా మూడు వైపులా మన నేలే, మాట్లాడేదీ చాలావరకు తెలుగే. అక్కడి సూలగిత్తి నరసమ్మ గారు వేల కాన్పులు ఉచితంగా చేసి 2018లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 25న కన్నుమూశారు. కన్నడంలో సూలగిత్తి అంటే మంత్రసాని. ఆమెను సత్కరించిన రోజు మా అవ్వ ఉంటే బాగుండుననిపించింది. మా అవ్వ అప్పటికి పోయి చాలా ఏళ్లయింది. ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడ్డవాళ్లు ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికొకరు ఉన్నారు, ఆమె పేరు మీద ఒక్క కాగితం కూడా లేదు. ఇంకా బతికి ఉన్న మంత్రసానులను జిల్లాలో గుర్తించి, వాళ్లకు పింఛను ఇవ్వాలని, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లను ఆసుపత్రి కాన్పు గదుల్లో గౌరవ వేతనం మీద తోడు మనుషులుగా తీసుకోవాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. సూదీ కత్తీ వాళ్ల చేతికి ఇవ్వమని అడగడం లేదు. నడుము రుద్దడానికి, నడిపించడానికి, పక్కన కూర్చోవడానికి మాత్రమే.

చివరిగా మీకు ఒక విన్నపం. 108లో జరిగిన కాన్పు వార్తను వేస్తూనే ఉండండి, ఆ సిబ్బంది అందుకు అర్హులే. దాంతోపాటు జిల్లాలోని ప్రతి ఆసుపత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఆ నెలలో ఎన్ని కాన్పులు జరిగాయి, అందులో తొలిచూలు తల్లులకు ఎన్ని సిజేరియన్లు అయ్యాయి, ఎంతమంది తల్లుల పక్కన తోడు మనిషిని ఉండనిచ్చారు అని మీ విలేకరుల చేత అడిగించండి. మొదటి రెండు అంకెలు రిజిస్టర్లలో ఉంటాయి. మూడోదానికి నేను పనిచేసిన 37 ఏళ్లలో ఏ రిజిస్టరులోనూ గడి చూడలేదు. మీరు అడగడం మొదలుపెడితే ఆ గడి గీస్తారని నా ఆశ.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా.